పీనట్ బటర్ కేలరీల లెక్క చివరికి ఇలా కుదిరింది

తిన్నదంతా రాసుకుంటున్నా రెండు నెలలుగా బరువు కదల్లేదు. పీనట్ బటర్ దగ్గరే తేడా వస్తోందని నా అనుమానం. చెంచాతో కొలవడం, గిన్నెలో వేసి తూచడం, యాప్ మార్చడం, ఏదీ పనిచేయలేదు.

ముందు కిచెన్ స్కేల్ సరిగ్గా ఉందో లేదో చూశాను. 10 రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు ఉంటుంది. పది నాణేలు పెడితే 77 చూపించింది, ధైర్యం వచ్చింది. తర్వాత మూత తీసిన డబ్బానే స్కేల్ మీద పెట్టి, టేర్ బటన్ నొక్కి సున్నా చేశాను. డబ్బా అక్కడే ఉంచి, కావలసినంత చెంచాతో తీసుకున్నాను. స్కేల్ మైనస్ 27 చూపించింది. అంటే తీసింది 27 గ్రాములు! ఇన్నాళ్లూ నేను రాసుకున్నది ‘ఒక చెంచా, 15 గ్రాములు’. నా డబ్బా మీద 100 గ్రాములకు 620 కేలరీలని ఉంది. ఆ లెక్కన 93 కాదు, 167. రోజుకు రెండుసార్లు తింటాను కాబట్టి తేడా దాదాపు 150.

చెంచాకు అంటుకున్నది కూడా ఇందులో లెక్కకొస్తుంది, నాకు బాగా నచ్చింది అదే. ఒక జాగ్రత్త: కొన్ని స్కేళ్లు కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, సున్నా పోతుంది. త్వరగా చూసి రాసుకోండి.

నెయ్యి, తేనె, జామ్‌కూ ఇదే చేస్తున్నాను. నూడుల్స్‌కు మాత్రం ఉడికించక ముందే తూచాలి, నా ప్యాకెట్ మీద అంకెలు పొడి బరువుకే ఇచ్చారు. ఇప్పుడు బరువు తగ్గుతోంది. కానీ ఈమధ్యే సాయంత్రం నడక కూడా మొదలుపెట్టాను, కాబట్టి అంతా దీనివల్లే అని చెప్పలేను.