డిశ్చార్జి పని ముందురోజు రాత్రే మొదలవుతుంది

పదకొండేళ్లుగా సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది ఇంజక్షన్ల గురించి కాదు. "అక్కా, ఈ రాతపని ఎప్పుడు తెముల్చుకుంటారు?" అనే.

అడ్మిషన్ కాగితాలు మంచం పక్కనే నిలబడి నింపండి. బల్ల దగ్గర కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ రాస్తే మళ్లీ మంచం దాకా నడక తప్పదు. గౌను మార్చేటప్పుడు మనిషి తనంతట తాను పక్కకు తిరుగుతున్నాడా, వీపు తడిగా ఉందా అని గమనిస్తే మంచం మీద కదలక పడే ఒత్తిడి పుండ్ల ముప్పును మార్కుల్లో లెక్కగట్టే బ్రేడెన్ స్కేలు సగం నిండినట్టే. మొత్తం 18 లేదా అంతకు తక్కువ వస్తే ఒత్తిడి పుండ్ల భయం ఉన్నట్టు. పక్క మార్చే చార్టు అప్పుడే మొదలుపెట్టేయండి.

మందుల దగ్గర మాత్రం తొందరపడకండి. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అంటే "ఏమీ లేవమ్మా" అంటారు. షుగరు, బీపీ మాత్రలు వాళ్ల లెక్కలో మందులే కావు! సంచి తీసి చూపించమనండి. హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఒక తాతగారి కళ్లజోడు పెట్టెలో సగం వాడిన క్లోపిడోగ్రెల్ స్ట్రిప్పు దొరికింది. రక్తం గడ్డకట్టకుండా ఆపే మాత్ర అది. ఆపరేషన్ వాయిదా పడింది.

రేపు ఇంటికి పంపుతామని డాక్టరు అన్న రాత్రే, అక్కర్లేని ఇంజక్షన్లు, సెలైన్లు లెక్కపెట్టి ఫార్మసీకి వాపసు చీటీ రాసి ఉంచండి. మా వార్డులో బిల్లు ఆగేది ఎక్కువగా అక్కడే. బీమా ఉన్నవాళ్లకు, డిశ్చార్జి అభ్యర్థన అందిన 3 గంటల్లో కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. మన కాగితాలు వెళ్లందే ఆ గడియారం కదలదు. "ఇంకా ఎంతసేపు సిస్టర్?" అనే ప్రశ్న మాత్రం మనకే వస్తుంది. కాబట్టి డిశ్చార్జి సమ్మరీ కోసం డ్యూటీ డాక్టరు వెంటపడండి, మొహమాటం వద్దు.

సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన కాన్యులా తీసి దూది నొక్కి పట్టుకున్న ఆ రెండు నిమిషాల్లో మాత్రల సంగతి చెప్పండి. చీటీలో 1-0-1 (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) చూసి నూట ఒక్క రోజులు వాడాలేమోనని భయపడింది ఒకావిడ. అప్పటినుంచి కవరు మీద సూర్యుణ్ని, చంద్రుణ్ని గీసి ఇస్తున్నాను. ఆపైన వాళ్లను తిరిగి చెప్పమనండి. సరిగ్గా చెప్పాకే నోట్సులో "వివరించడమైనది" అని రాసి టైము వేయండి.