‘ఫ్రెష్’ అనే ఇంగ్లీషు విశేషణాన్ని సరిగా వాడడం ఎలా?

నెల్లూరు చేపల మార్కెట్టులో ‘ఫ్రెష్’ అనే మాట తెలియనివారు ఉండరు. అయితే ఇంగ్లీషులో వాక్యం రాసేటప్పుడు దానిని ‘తాజా’ అనే ఒక్క అర్థంతో సరిపెట్టుకుంటే పొరపాట్లు దొర్లుతాయి.

ముందుగా, ఈ విశేషణం ఏ నామవాచకం పక్కన ఉందో చూసి, అక్కడ దానికి వ్యతిరేకమైన మాట ఏదో ఆలోచించండి. రొట్టెకు అయితే ‘స్టేల్’, గడ్డకట్టించి ఎగుమతి చేసే వనామీ రొయ్యకు అయితే ‘ఫ్రోజెన్’, నీటికి అయితే ‘సాల్ట్’ వ్యతిరేక పదాలవుతాయి. అందువల్ల సోమశిల జలాశయంలోని పెన్నా నీరు ఎన్ని నెలలు నిలవ ఉన్నా ‘ఫ్రెష్ వాటర్’ అవుతుంది గాని, పులికాట్ సరస్సులోకి ఈ ఉదయమే పోటుతో వచ్చిన సముద్రపు నీరు కాదు. అదే విధంగా ‘ఫ్రెష్‌వాటర్ ఫిష్’ అంటే బొచ్చె, కొరమీను వంటి మంచినీటి చేప. అది నెలరోజులు ఐసులో ఉన్నా ఆ పేరు మారదు. అప్పుడే పట్టిన చేప అని చెప్పదలిస్తే ‘ఫ్రెష్ ఫిష్’ అనాలి.

తరువాత, తాజాదనం సరుకుదా, తయారీదా అన్నది తేల్చుకోండి. ‘ఫ్రెష్ ఫిష్ కర్రీ’ అని రాస్తే చేప తాజాదో, పులుసు ఇప్పుడే దించినదో స్పష్టం కాదు. చేపల పులుసుకు మరునాడే రుచి అనే నెల్లూరువారికి ఇది చిన్న తేడా కాదు. చేపను గురించి అయితే ‘కర్రీ మేడ్ విత్ ఫ్రెష్ ఫిష్’ అనీ, వంటను గురించి అయితే ‘ఫ్రెష్లీ మేడ్ కర్రీ’ అనీ రాయండి.

తినే వస్తువులు కానిచోట ఈ మాటకు ‘మళ్ళీ కొత్తగా’ అనే అర్థం తరచుగా వస్తుంది. ఒంగోలులో ఇచ్చిన దరఖాస్తు తిరస్కరణకు గురైతే మరొకసారి పెట్టేది ‘ఫ్రెష్ అప్లికేషన్’. కొత్త కారు మాత్రం ‘న్యూ కార్’ మాత్రమే. నావికులు గాలి వేగాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలులో గంటకు 29 నుంచి 38 కిలోమీటర్ల గాలిని ‘ఫ్రెష్ బ్రీజ్’ అంటారు. ఇది పిల్లగాలి ఎంతమాత్రం కాదు.

చివరిగా, మనం రోజూ అనే ‘ఫ్రెష్ అయి వస్తాను’ను మాటకు మాటగా ఇంగ్లీషులో పెట్టకండి. ‘గెట్ ఫ్రెష్ విత్’ అంటే ఎదుటివారితో హద్దు మీరి చనువు తీసుకోవడం అని అర్థం కనుక, అతిథిగా వెళ్ళినచోట ‘ఐ వుడ్ లైక్ టు ఫ్రెషెన్ అప్’ అనడం క్షేమం.