పెద్ద నగరంలో పాతకాలపు సోఫాలు, కుర్చీలు వెతికి కొనడం ఎలా?

ముందు టేపు తీయండి. సోఫా వేసే చోటు ఒక్కటే కొలిస్తే చాలదు. వీధి గుమ్మం, లిఫ్టు తలుపు, మెట్ల మలుపు కూడా కొలిచి ఫోన్‌లో రాసుకోండి. పాత సోఫాల్లో చాలావాటికి చేతులు ఊడిరావు. మెట్ల మధ్యలో ఇరుక్కుంటే చవగ్గా కొన్న సంతోషం అక్కడే ఆవిరి.

తర్వాత వెతుకులాట. 'వింటేజ్' అని బోర్డు పెట్టిన షాపులో సరుకు బాగానే ఉంటుంది, కానీ ఆ బోర్డుకీ మీరే డబ్బు కడతారు. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు, వేలంపాటలు, మూతపడిన హోటళ్ల సామాను అమ్మేవాళ్లు, సెకండ్ హ్యాండ్ యాప్‌లు: నా ఓటు వీటికే. యాప్‌లో 'పాత చెక్క సోఫా' అని కూడా వెతకండి. తమ దగ్గరున్న వస్తువు విలువ తెలియనివాళ్లు అలాగే రాస్తారు.

వస్తువు ఎదురుగా ఉన్నప్పుడు గుడ్డను పట్టించుకోకండి. చిరిగిన గుడ్డ మార్చుకోవచ్చు. చూడాల్సింది ఫ్రేమ్. సోఫా ముందు కాలు ఒకదాన్ని జానెడు లోపు పైకెత్తండి. రెండో ముందు కాలు కూడా లేస్తే ఫ్రేమ్ గట్టిది. అది నేలకే అతుక్కుని ఉంటే ఫ్రేమ్ మెలి తిరుగుతోందన్నమాట. చేతుల్ని పట్టుకుని ఊపండి, కిర్రుమంటే అతుకులు వదులయ్యాయి. అమ్మేవాళ్లను అడిగి బోర్లించండి. అడుగు గుడ్డ వదులుగా ఉంటే టార్చి వేసి లోపల చూడండి: గట్టి చెక్కా, ప్లైవుడ్డా? నవారు సాగిందా? స్ప్రింగులు ఒకదానికొకటి తాడుతో కట్టి ఉంటే చేతిపని, మంచి గుర్తు. 'వందేళ్ల నాటిది' అంటూ చూపించిన కుర్చీలో ఎక్కడ చూసినా స్టేపుల్ పిన్నులే ఉంటే, కనీసం గుడ్డయినా తర్వాత మార్చినట్టే.

చెక్కలో సన్నని రంధ్రాలు, కింద తాజా పొడి కనిపిస్తే పుచ్చు పురుగు ఇంకా బతికే ఉందనుకోవాలి. కుట్ల మడతల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. ఎంత అందమైనదైనా వదిలేయండి, ఒక్కసారి ఇంట్లోకొస్తే ఓ పట్టాన పోవు. కుషన్ వాసన కూడా చూడండి. పాత ఫోమ్ నలిపితే పొడిగా రాలుతుంది, అది ఎలాగూ మార్చాల్సిందే.

బేరానికి ముందే ఫొటోలు తీసి సోఫా రిపేరు చేసేవాళ్లకు పంపి ఖర్చు అడగండి. గుడ్డ, ఫోమ్, కూలీ కలిపితే చాలాసార్లు సోఫా ధరను మించిపోతుంది. ఆ అంకె, రవాణా ఖర్చు చేతిలో ఉంచుకుని బేరమాడండి.