కెర్నల్ మొదటి అడుగు: బూట్ కోడ్‌లో ఏం రాయాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) రాయాలని కూర్చునే మనవాళ్లకు ముందుగా చెప్పేది: 32 బిట్ల ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్), గ్రబ్ (కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించే రెడీమేడ్ బూట్‌లోడర్)లతో మొదలుపెట్టండి. సొంత బూట్‌లోడర్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఆ పనిలో పడితే కెర్నల్ వెనకబడిపోతుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదా ఆధారపడని కోడ్ తయారుచేసే ఐ686-ఈఎల్ఎఫ్ క్రాస్ కంపైలర్ కట్టుకోవాలి. లినక్స్‌లో ఉండే మామూలు జీసీసీ (సీ కంపైలర్) మీ కోడ్ లినక్స్ మీద నడుస్తుందనుకుంటుంది. గుణుపురం దాటిన పల్లెల్లో నెట్ సరిగా అందకపోతే బైన్‌యుటిల్స్, జీసీసీ, జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ సోర్సులు పట్నంలో ఒకసారి దించుకుంటే సరి, బిల్డ్‌కు నెట్ అక్కర్లేదు.

అసెంబ్లీ ఫైల్లో మొదట మల్టీబూట్ హెడర్, అంటే గ్రబ్ మీ కెర్నల్‌ను పోల్చుకునే గుర్తు. నాలుగేసి బైట్ల అంకెలు మూడు: మ్యాజిక్ 0ఎక్స్1బీఏడీబీ002, ఫ్లాగులు 3, చెక్‌సమ్. మూడూ కూడితే 32 బిట్లలో సున్నా రావాలి. హెడర్ ఫైలు మొదటి 8192 బైట్లలోనే ఉండాలి. లింకర్ స్క్రిప్టులో (ఏ భాగం మెమరీలో ఎక్కడ ఉండాలో చెప్పే ఫైలు) దాని సెక్షన్‌ను 1 ఎంబీ దగ్గర అన్నిటికంటే ముందు పెట్టండి. లేకపోతే కోడ్ పెరిగేకొద్దీ అది వెనక్కి జరిగి, నిన్నటిదాకా లేచిన కెర్నల్ ఇవాళ లేవదు. హెడర్ సరిగా ఉందో లేదో గ్రబ్-ఫైల్ కమాండుతో ప్రతి బిల్డ్‌లోనూ పరీక్షించండి.

అసలు జాగ్రత్తంతా స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలిక విలువలు దాచుకునే మెమరీ) దగ్గరే. గ్రబ్ స్టాక్ ఇవ్వదు. స్టాక్ ఎక్కడిదాకా వచ్చిందో చూపే రిజిస్టర్ ఈఎస్‌పీలో ఏముందో నమ్మకూడదు. బీఎస్ఎస్‌లో (ముందుగా విలువలు పెట్టని డేటా సెక్షన్) 16 బైట్లకు సర్ది 16384 బైట్లు కేటాయించి, లేబుల్‌ను ఆ చోటు చివర పెట్టండి. స్టాక్ కిందికి పెరుగుతుంది కనుక లేబుల్ మొదట్లో ఉంటే తొలి పుష్‌కే పక్క డేటా చెరిగిపోతుంది. అది చాలాసేపు బయటపడదు, అందుకే ప్రమాదం.

తర్వాత ఆ లేబుల్ చిరునామాను ఈఎస్‌పీలో వేసి, ఈఎస్‌పీ నుంచి 8 తీసేసి, ఈబీఎక్స్ (గ్రబ్ ఇచ్చిన సమాచారం చిరునామా), ఈఏఎక్స్ (గ్రబ్ పెట్టిన మ్యాజిక్ అంకె) ఈ వరసలో పుష్ చేసి కెర్నల్_మెయిన్‌ను కాల్ చేయండి. ఆ 8 ఎందుకంటే, కాల్ చేసే క్షణానికి స్టాక్ 16 బైట్లకు సరిగ్గా ఉండాలని సీ కంపైలర్ ఆశిస్తుంది. ఫంక్షన్‌లో మొదటి పని ఈఏఎక్స్ విలువ 0ఎక్స్2బీఏడీబీ002 అవునో కాదో చూడటం. మెయిన్ తిరిగొస్తే సీఎల్ఐ (ఇంటరప్టులు మూసేది), హెచ్ఎల్‌టీ (ప్రాసెసర్‌ను నిలిపేది), మళ్లీ హెచ్ఎల్‌టీకి జంప్; నాన్ మాస్కబుల్ ఇంటరప్ట్ హెచ్ఎల్‌టీని కూడా లేపుతుంది కనుక జంప్ తప్పదు.

సొంత జీడీటీ (సెగ్మెంట్ల పట్టిక) పెట్టేదాకా సెగ్మెంట్ రిజిస్టర్లు ముట్టుకోవద్దు. ఐడీటీ (ఇంటరప్ట్ వస్తే ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టిక) లేకుండా ఎస్‌టీఐ (ఇంటరప్టులు తెరిచేది) రాస్తే మొదటి టైమర్ టిక్కుకే ట్రిపుల్ ఫాల్ట్, అంటే మెషిన్ రీసెట్.

తెర మీద కనబడాల్సిన అక్షరాలు మెమరీలో 0ఎక్స్‌బీ8000 దగ్గర రాయాలి: 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, ఒక్కో అక్షరానికి రెండు బైట్లు. ఈ టెక్స్ట్ మోడ్‌లో తెలుగూ రాదు, ఒడియా రాదు. వాటికి ఫ్రేమ్‌బఫర్ (తెర మీది చుక్కలు నేరుగా గీసే మెమరీ) దాకా ఆగాలి.

కెర్నల్‌ను పరీక్షించే ఎమ్యులేటర్ క్యూఈఎంయూ పదేపదే రీస్టార్ట్ అవుతుంటే -నో-రీబూట్, -డీ ఇంట్ ఆప్షన్లతో నడపండి. లాగ్ చివరి ఎక్సెప్షన్లో ఈఐపీ (నడుస్తున్న ఇన్‌స్ట్రక్షన్ చిరునామా) విలువ పట్టుకుని ఆబ్జ్‌డంప్‌లో (బైనరీని అసెంబ్లీగా చూపే టూల్) వెతికితే తప్పిన ఇన్‌స్ట్రక్షన్ దొరుకుతుంది.