ఆర్‌ఓ మెంబ్రేన్‌కి పట్టిన జిగురు వదిలించడం ఎలా

ప్రెషర్, టెంపరేచర్ తేడాలు లెక్కేసుకున్నాక కూడా ఆర్‌ఓ మెంబ్రేన్ (నీళ్ళని వడకట్టే సన్నని పొర) నుంచి వచ్చే మంచినీళ్ళ ఫ్లో 10-15 శాతం పడిపోయిందంటే ఇంక ఆగొద్దు, క్లీనింగ్ పెట్టేయండి. మెంబ్రేన్ ఉండే గొట్టం చివరి మూత (ఎండ్ క్యాప్) తీసి గ్లౌజ్ వేలితో రాస్తే గోధుమరంగులో జారుడుగా తగిలితే ఆర్గానిక్ మురికి అని అనుమానించాలి. చాలామంది ఇక్కడే ముందు యాసిడ్ పోసేస్తారు, దాంతో ఆ జిగురు ఇంకా గట్టిపడి కూర్చుంటుంది, తర్వాత తిప్పలే తిప్పలు. ముందు కాస్టిక్ సోడానే, ఆర్‌ఓ నీళ్ళలోనే కలిపి పీహెచ్ 12, వేడి 35 డిగ్రీలు దాటకుండా (మెంబ్రేన్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో ఇంకా తక్కువ ఉంటే అదే ఫాలో అవ్వండి) తక్కువ ప్రెషర్‌లో ఆ ద్రావణాన్ని మెంబ్రేన్ గుండా అరగంట తిప్పి, గంట నానబెట్టి, మళ్ళీ తిప్పండి. మొదట వచ్చే కషాయం రంగు నీళ్ళు క్లీనింగ్ ద్రావణం ట్యాంక్‌లోకి రానివ్వకుండా బయటికే వదిలేయండి. స్కేల్ (గట్టిగా పేరుకున్న లవణాల పూత) కూడా ఉంటే బాగా కడిగాక అప్పుడు యాసిడ్. క్లోరిన్ జోలికి మాత్రం పోవద్దు, మెంబ్రేన్‌లో నీళ్ళు వడకట్టే పాలిఅమైడ్ పొరని తినేస్తుంది.