మిద్దె మీద టమాటా - 3వ పాఠం: ట్రేలోంచి ప్యాకెట్‌లోకి, ప్యాకెట్‌లోంచి సంచిలోకి

గత పాఠంలో ప్రోట్రేలో (నారు పెంచే చిన్న గదుల ట్రే) వేసిన గింజలకు ఈపాటికి 20-25 రోజులు నిండి ఉంటాయి. మొదట విచ్చుకున్న రెండు కోల ఆకులు బీజదళాలు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. వాటి పైన అంచులు చీలిన అసలు ఆకులు 3-4 కనిపిస్తే నారు తీయొచ్చు.

చాలామంది ఈ నారును నేరుగా పెద్ద గ్రో బ్యాగ్‌లో నాటేస్తారు. వేలెడంత మొక్కకు 40 లీటర్ల మట్టి దేనికి? దాని వేళ్లు తాగేది గుక్కెడు నీళ్లు. మిగతా మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోయి వేళ్లకు గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది. పైగా వాన ముంచుకొచ్చినా ఎండ ముదిరినా ఆ సంచిని జరపలేం. అందుకే మధ్యలో ఓ మజిలీ, అరలీటరు పాల ప్యాకెట్. కడిగి, పైభాగం పూర్తిగా కత్తిరించి, అడుగున పెన్సిల్ దూరేంత రంధ్రాలు 4 పెట్టండి. పెద్ద పేపర్ గ్లాసైనా సరే, కానీ వారం దాటితే అడుగు నానిపోతుంది.

మట్టి పాళ్లు కొలతతో చెప్పాలంటే ఎర్రమట్టి 2 డబ్బాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 1, వర్మీకంపోస్ట్ లేదా బాగా చివికిన పశువుల ఎరువు 1. ఈ మిశ్రమం ఒక బకెట్‌కు గుప్పెడు వేపపిండి (వేపగింజల నూనె తీశాక మిగిలే పిండి). వేపపిండి కలిపాక 10 రోజులు తడిపి నీడలో ఉంచాకే వాడాలి, పచ్చిగా వేస్తే కుళ్లేటప్పుడు పుట్టే వేడికి లేత వేళ్లు మాడతాయి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి రెండుసార్లు కడిగి పిండండి. అందులో ఉప్పు మిగిలితే ఆకుల అంచులు ఎండుతాయి. ఎరువు పేడ వాసన వేస్తోందంటే ఇంకా చివకలేదని అర్థం. నల్లరేగడి మాత్రం వద్దు. చేలో అది బంగారమే, ప్యాకెట్‌లో ఎండితే మాత్రం ఇటుకే. మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కితే ఉండ కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. విడిపోకపోతే ఇంకొంచెం కోకోపీట్ కలపండి.

పని సాయంత్రం 4 దాటాక పెట్టుకోండి. గంట ముందు ట్రేకు నీళ్లు పోస్తే మట్టి గడ్డ విడిపోకుండా వస్తుంది. ట్రే గది అడుగు రంధ్రంలోంచి పెన్సిల్‌తో పైకి నెట్టి, మొక్కను ఆకు పట్టుకుని ఎత్తండి. కాండం పట్టుకోవద్దు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది.

ఇక లోతు. వంగ, మిరప నారును ట్రేలో ఉన్న లోతులోనే నాటుతాం. టమాటా దారి వేరు. మట్టి తగిలిన కాండం పొడవునా కొత్త వేళ్లు పుట్టిస్తుంది. కాబట్టి బీజదళాల కింది దాకా పూడ్చండి. వెలుతురు చాలక సన్నగా సాగిన నారైతే బీజదళాలను గిల్లేసి మొదటి అసలు ఆకు కింది దాకా దించండి, సాగిన కాండమే వేళ్ల గుత్తి అవుతుంది. ఇందులో మినహాయింపు ఒక్కటే. నర్సరీలో వంగ వేరుమొక్క మీద అంటుకట్టిన టమాటా కొన్నట్టయితే అతుకు మట్టికి రెండు వేళ్ల పైన ఉండాలి. పూడిస్తే పైమొక్క సొంత వేళ్లు దింపుకుంటుంది, అంటుకట్టిన ఫలితం పోతుంది.

నాటాక అడుగు నుంచి చుక్కలు కారేదాకా నీళ్లు పోసి, 3 రోజులు షేడ్‌నెట్ కింద గానీ గోడ నీడలో గానీ ఉంచండి. నాలుగో రోజు నుంచి పొద్దుటి ఎండ 2 గంటలు, తర్వాత రోజుకో గంట చొప్పున పెంచండి. ప్యాకెట్లను కాలే స్లాబ్ మీద పెట్టకుండా చెక్క మీద పేర్చండి.

మొక్కలు ఎక్కువగా చచ్చేది నీళ్ల దగ్గరే. రోజూ పొద్దున పోయాలనే నియమం పెట్టుకోవద్దు. ప్యాకెట్‌ను చేత్తో ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటేనే నీళ్లు, బరువుగా ఉంటే వదిలేయండి. మొక్క మధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి లేస్తే అది ఎండ పని. పొద్దున్నే వాడి ఉండి, మట్టి తడిగా ఉంటే వేళ్లు కుళ్లుతున్నట్టు. మట్టి దగ్గర కాండం నొక్కుకుపోయి మొక్క పక్కకి ఒరిగితే అది నారుకుళ్లు, అది ఇక బతకదు. దాన్ని మట్టితో సహా తీసేసి, మిగతావాటి మొదళ్లలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగుళ్ల మందు) కలిపి పోయండి.

ఆకు ముడుచుకుంటే వెంటనే బెంగపడొద్దు. కింది ఆకులు పచ్చగానే ఉండి పైకి దొన్నెలా చుట్టుకుంటే వేడి, నీటి ఎద్దడి కారణం కావచ్చు. కొసన వచ్చే కొత్త ఆకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, గిడసబారి ముడుచుకుంటేనే ఆకుముడత వైరస్ అని అనుమానించాలి. దానికి మందు లేదు. మొక్కను పీకి మూటకట్టి పారేయండి. ఈ వైరస్‌ను మోసేది తెల్లదోమ. పొద్దున ఆకు తిప్పి అడుగున చూడండి. పసుపు జిగురు అట్ట ఒకటి వేలాడదీసి, వారానికోసారి సాయంత్రం లీటరుకు 5 మి.లీ. వేపనూనె (సీసా మీద 1500 పి.పి.ఎం. అని ఉన్నది), నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున పిచికారీ చేయండి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఈ వైరస్‌ను తట్టుకుంటుంది, వచ్చే విడత గింజలు కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

డిసెంబరు చలిలో ఆకుల అడుగు ఊదా రంగుకు తిరిగితే కంగారు లేదు. చల్లటి మట్టిలోంచి భాస్వరం సరిగా అందక అలా అవుతుంది, ఎండ కాస్తే సర్దుకుంటుంది. కింది ఆకులు పాలిపోతే 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) లీటరుకు 2 గ్రాములు కలిపి, మొక్కకు టీ గ్లాసుడు చొప్పున వారానికోసారి చాలు.

12-15 రోజులకు అడుగు రంధ్రాల్లో తెల్ల వేళ్లు తొంగిచూస్తాయి. అప్పుడే సంచిలోకి మార్చాలి. వేళ్లు గోధుమరంగుకు తిరిగి ప్యాకెట్‌లో చుట్టలు చుట్టేదాకా ఆగితే మొక్క గిడసబారి, అక్కడే మొగ్గ వేస్తుంది. అలాంటి మొగ్గ కనిపిస్తే గిల్లేయండి. ఒక్కో మొక్కకు 15x15 అంగుళాల సంచి ఒకటి. అది నిండితే 40 కిలోలకు తగ్గదు కాబట్టి దూలం మీదుగానో పిట్టగోడ వారగానో పెట్టుకోండి. ముందు 5 అడుగుల కర్ర పాతి, ఆ తర్వాతే మొక్క నాటండి. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. ప్యాకెట్‌ను బ్లేడుతో నిలువునా కోసి గడ్డ చెదరకుండా దించి, ఈసారి కూడా కింది రెండు ఆకులు తీసేసి మరో 2 అంగుళాలు లోతుగా పూడ్చండి.

వచ్చే పాఠానికల్లా సంచిలో మొక్కలు అడుగు ఎత్తుకు రావాలి. ఆకు పంగల్లో పుట్టే పక్క కొమ్మలను అప్పటిదాకా ముట్టుకోవద్దు. ఏవి గిల్లాలో, ఏ రకానికి ఉంచాలో ఆ పాఠంలో చూద్దాం.