కార్బన్ ఫైబర్ గొట్టాన్ని కంప్రెషన్ టెస్ట్‌లో (నొక్కి బలం చూసే పరీక్షలో) పెట్టే ముందు జాగ్రత్తలు

ముందు గొట్టం చివరలు చూడండి. చాలా టెస్టులు చెడేది ఇక్కడే. రెండు అంచులూ సమాంతరంగా, నున్నగా లేకపోతే లోడ్ ఒక పక్కకే పడుతుంది. అంచు దగ్గర పొరలు విడిపోయి, పోగులు చీపురులా విచ్చుకుంటాయి. అప్పుడు వచ్చే అంకె అంచు బలమే తప్ప గొట్టం బలం కాదు. చివరలను స్టీలు కప్పుల్లో పెట్టి ఎపాక్సీ జిగురు పోయండి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి.

స్ట్రెయిన్ గేజులు (సాగుడు, కుదింపు కొలిచే చిన్న పట్టీలు) గొట్టం చుట్టూ 120 డిగ్రీలకొకటి చొప్పున మూడు అతికించండి. తక్కువ లోడ్ దగ్గరే రీడింగులు పోల్చండి. తేడా ఎక్కువగా ఉంటే ఆపి, మళ్లీ నిలబెట్టండి.

గోడ పలచనైతే నలగకముందే బక్లింగ్ (గోడ ఉన్నట్టుండి వంగి ముడుచుకోవడం) వస్తుంది, అదీ లెక్కకట్టుకోండి.

పాలీకార్బొనేట్ (గట్టి పారదర్శక ప్లాస్టిక్) తెర లేకుండా మెషిన్ ఆన్ చేయకండి, దయచేసి. కార్బన్ ఫైబర్ ఉక్కులాగా వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. 2023 జూన్‌లో అట్లాంటిక్ లోతుల్లో నలిగిపోయి అయిదుగురిని బలిగొన్న టైటాన్ సబ్‌మెర్సిబుల్‌లో ముఖ్యభాగం కార్బన్ ఫైబర్ గొట్టమే. టప్‌టప్‌మని చప్పుళ్లు వినిపిస్తే లోపల పోగులు తెగుతున్నట్టే, దగ్గరికి వెళ్లి చూడొద్దు.

కళ్లద్దాలు, గ్లవ్స్, ఎన్95 మాస్కు తప్పనిసరి. గొట్టం పగిలినప్పుడు లేచే కార్బన్ దుమ్ము గుండా కరెంటు పారుతుంది కాబట్టి కంప్యూటర్‌ను దూరంగా పెట్టండి. లోడ్ సున్నాకి దించాకే తెర తీయాలి.